హార్డ్ క్రోమ్ మానేస్తే దాని స్థానంలో ఏది? బ్రోషర్లు కాదు, లైన్ మీద చూసినవాళ్లు చెప్పండి

రాడ్_రాక్

అందరికీ నమస్కారం. మాది హైడ్రాలిక్ రాడ్లకు, కొన్ని ప్లాస్టిక్ మోల్డులకు హార్డ్ క్రోమ్ (అరుగుదలకు తట్టుకునే మందమైన క్రోమియం పూత) వేసే లైను. పాత పద్ధతే: లీటరుకు 250 గ్రాముల క్రోమిక్ యాసిడ్, అందులో వందో వంతు సల్ఫేటు, 55 డిగ్రీలు, సీసం యానోడ్లు. యూరప్‌కు సరుకు పంపే కస్టమర్లు ఈమధ్య ప్రతి ఆర్డరుతోనూ ఓ ప్రశ్నావళి జత చేస్తున్నారు. హెక్సావాలెంట్ క్రోమియం (క్రోమిక్ యాసిడ్‌లో ఉండే విషపూరితమైన రూపం) ఎప్పుడు మానేస్తారన్నదే అందులో మొదటి ప్రశ్న.

కెమికల్స్ అమ్మేవాళ్లేమో "అంత ప్రమాదం లేని ట్రైవాలెంట్ క్రోమియంకు మారిపోండి సార్, ట్యాంకులో ద్రావణం మారిస్తే చాలు" అంటున్నారు. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ మాట అన్నవాళ్లలో ఒక్కరు కూడా 50 మైక్రాన్ల పూత ఉన్న రాడ్డు చేతికిచ్చి "ఇదిగో, గ్రైండ్ చేసి చూసుకోండి" అనలేదు. ఉత్పత్తిలో పెట్టి చూసినవాళ్లు ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి.

పాతయానోడ్

మొదట రెండు క్రోములను విడదీయాలండీ. కుళాయిల మీద, కారు బంపర్ల మీద కనిపించే మెరుపు డెకరేటివ్ క్రోమ్. దాని మందం 0.2 నుంచి 0.5 మైక్రాన్. తుప్పును ఆపే పనంతా కింద ఉన్న నికెల్‌దే. ఇక్కడ ట్రైవాలెంట్ గెలిచి చాలాకాలమైంది. 1970ల నుంచే మార్కెట్లో ఉంది. మొదట్లో రంగు కాస్త ముదురుగా వచ్చేది. ఇప్పటి సల్ఫేట్ బాత్‌ల (బాత్ అంటే ట్యాంకులోని ద్రావణం) పూతను పాత హెక్స్ పూత పక్కన పెడితే, తెలిసినవాళ్లు తప్ప తేడా పట్టలేరు. పైగా మూలల్లోకి పూత బాగా వెళ్తుంది, మధ్యలో కరెంటు ఓ క్షణం పోయినా ముక్క పాడవదు.

మీది హార్డ్ క్రోమ్. 20 మైక్రాన్లతో మొదలై వందల్లోకి వెళ్తుంది. మీకు అమ్మజూపే మాటలన్నీ డెకరేటివ్ వాళ్ల అనుభవం నుంచి వచ్చినవి. అక్కడ నిజం, ఇక్కడ కాదు.

ద్రావణశాల

పాతయానోడ్ గారి మాటకు కారణం కూడా చెప్తాను, ల్యాబ్‌లో నేను రోజూ చూసేది అదే కాబట్టి.

ట్రైవాలెంట్ బాత్‌లో కూడా కాథోడ్ దగ్గర, అంటే పూత పడే ముక్క దగ్గర, హైడ్రోజన్ పుడుతుంది. దాంతో ముక్కను అంటుకుని ఉన్న పలుచని పొరలో పీహెచ్ పెరుగుతుంది. బాత్ మొత్తం పీహెచ్ బాగానే ఉందని మీటరు చూపిస్తుంది కానీ, మీటరు ఆ పొరలోకి వెళ్లలేదు కదా. అక్కడ క్రోమియం అయాన్లు హైడ్రాక్సైడ్ వంతెనలతో ఒకదానికొకటి ముడిపడి గొలుసులు కడతాయి. ఒకసారి గొలుసైతే అంత సులువుగా విడిపోవు, లోహంగా దిగవు. అర మైక్రాన్ పూతకు కొద్ది నిమిషాలు చాలు కాబట్టి డెకరేటివ్ వాళ్లకు ఈ బాధ తెలియదు. గంటల తరబడి నడిపితే దిగే వేగం పడిపోతుంది, పూత బూడిద రంగుకు తిరుగుతుంది.

దీన్ని ఆపడానికి ఫార్మేట్, ఆక్సలేట్ లాంటి కాంప్లెక్సెంట్లు (లోహ అయాన్లను పట్టి ఉంచే రసాయనాలు) వేస్తారు. వాటిలోని కార్బన్ కొంత పూతలోకి చేరుతుంది. అంటే మీకు దిగేది అచ్చమైన క్రోమియం కాదు, క్రోమియం-కార్బన్ మిశ్రమం. హెక్స్ క్రోమ్‌ను వేడిచేస్తే మెత్తబడుతుంది, ఇది గట్టిపడుతుంది. కాఠిన్యం అంకె బ్రోషర్లో అందంగా కనపడటానికి అదో కారణం. ఆ అంకె పక్కన "వేడిచేశాక" అని చిన్న అక్షరాల్లో ఉందేమో ఒకసారి చూడండి.

అసలు తేడా పగుళ్లలో తెలుస్తుంది. ముక్కను అడ్డంగా కోసి, పాలిష్ చేసి మైక్రోస్కోప్ కింద పెట్టండి. మంచి హెక్స్ హార్డ్ క్రోమ్‌లో వెంట్రుకకన్నా సన్నని పగుళ్లు వందల కొద్దీ ఉంటాయి. కానీ ఏదీ పైనుంచి కిందిదాకా పోదు, ఒకటి ఆగినచోట ఇంకొకటి మొదలవుతుంది. నూనె నిలిచేది వాటిలోనే. మందమైన ట్రైవాలెంట్‌లో పగుళ్లు తక్కువే, కానీ ఒక్కొక్కటీ నిట్టనిలువుగా ఉక్కు దాకా దిగిపోతుంది. రాడ్డు తుప్పు పట్టడానికి అలాంటిది ఒక్కటి చాలు.

కింద నికెల్ పొర వేసి పైన ట్రైవాలెంట్ వేసే పద్ధతులు వచ్చాయి, వాటిలో కొన్ని బాగున్నాయి. కానీ అప్పుడది రెండు ట్యాంకుల ప్రక్రియ. "ద్రావణం మారిస్తే చాలు" అన్న మాట అక్కడే చెల్లకుండా పోయింది.

రాడ్_రాక్

మేడమ్, ఇంత వివరంగా ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. ఆ వేడిచేసిన కాఠిన్యం సంగతి చూశాను. నిజంగానే ఉంది, పట్టిక కింద నక్షత్రం గుర్తుతో.

జ్వాలతుపాకి

రాడ్లకైతే ట్యాంకునే వదిలేయొచ్చు. హెచ్‌వీఓఎఫ్ స్ప్రే గురించి విని ఉంటారు. టంగ్‌స్టన్ కార్బైడ్ 86, కోబాల్ట్ 10, క్రోమియం 4 పాళ్ల పొడిని ధ్వనికన్నా వేగంగా పోయే మంటలో ముక్క మీదికి కొడతారు. విమానాల ల్యాండింగ్ గేర్లలో హార్డ్ క్రోమ్ స్థానాన్ని చాలావరకు ఇదే తీసుకుంది. అమెరికా రక్షణ శాఖ ఇందుకోసమే హార్డ్ క్రోమ్ ఆల్టర్నేటివ్స్ టీమ్ అని ఒకదాన్ని పెట్టి ఏళ్ల తరబడి పరీక్షలు చేయించింది. అరుగుదలలో క్రోమ్‌కన్నా మెరుగు. క్రోమ్ వేసిన ఉక్కుకు ఫెటీగ్ బలం (పదేపదే భారం పడినా విరగని గుణం) తగ్గుతుందన్నది తెలిసిందే, ఇక్కడ ఆ తగ్గుదల చాలా తక్కువ. ప్లేటింగ్ లేదు కాబట్టి ఉక్కులోకి చేరి పెళుసుగా చేసే హైడ్రోజన్ బెడదా లేదు.

ఇబ్బందులూ చెప్తాను. గన్ కంటికి కనిపించేచోటికే పూత వెళ్తుంది. పెద్ద బోర్లకు చిన్న గన్‌లు వచ్చాయి గానీ సన్నని సిలిండర్ లోపలికి కుదరదు. మీ దగ్గరున్న మామూలు గ్రైండింగ్ వీల్ దీనిమీద జారిపోతుంది, డైమండ్ వీల్ కావాలి. అందరూ దెబ్బతినేది ఆ తర్వాతి దశలో: గ్రైండ్ చేసి ఆపేస్తే సీల్స్ కొద్దిరోజుల్లోనే కోసుకుపోతాయి. పైకి పొడుచుకు వచ్చిన కార్బైడ్ మొనలు రబ్బరును ఆకురాయిలా అరగదీస్తాయి. సూపర్‌ఫినిషింగ్ (ఉపరితలాన్ని ఇంకా నునుపు చేయడం) తప్పనిసరి. సీల్ పదార్థం కూడా మార్చాల్సి రావచ్చు.

లేజర్ వైపు చూడాలంటే ఈహెచ్‌ఎల్‌ఏ అని ఉంది. జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ ఐఎల్‌టీ, ఆఖెన్ విశ్వవిద్యాలయం కలిసి తెచ్చిన పద్ధతి. మామూలు లేజర్ క్లాడింగ్‌లో పొడి కరిగేది ముక్క మీది కరుగు గుంటలో. ఇందులో గుంటను చేరకముందే గాలిలోనే కరుగుతుంది. అందుకే ముక్కకు వేడి తక్కువ, వేగం నిమిషానికి వందల మీటర్లు, పొర పలుచన. 2017లో దీనికి ఫ్రాన్‌హోఫర్ పురస్కారం కూడా వచ్చింది. పొడవైన రాడ్లకు అతికినట్టు సరిపోతుంది. కాకపోతే మీరు ప్లేటింగ్ షాపు మూసి లేజర్ షాపు తెరవాలి.

పాతయానోడ్

అన్నట్టు నైట్రోకార్బ్యురైజింగ్ (ఉక్కు పైపొరలోకి నైట్రోజన్, కార్బన్ ఎక్కించడం) చేసి పైన ఆక్సైడ్ పొర ఇచ్చే పద్ధతి రాడ్లకు ఎప్పటినుంచో ఉంది. ఎవరూ దాని పేరెత్తరు, కొత్తది కాదు కదా. కొలతలో పెద్దగా పెరుగుదల ఉండదు కాబట్టి అరిగిన రాడ్డును తిరిగి సైజుకు తేవడానికి మాత్రం పనికిరాదు. 550 డిగ్రీల పైన జరిగే పని, ఇండక్షన్ హార్డెనింగ్ చేసిన రాడ్డైతే ఆ గట్టిదనం పోతుంది.

హైపోఫాస్

మోల్డుల సంగతి ఎవరూ తాకలేదు, అది నా పేట. ఎలక్ట్రోలెస్ నికెల్ చూడండి.

ఇది పుట్టిన కథ నాకు ఇష్టం. అమెరికా నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో బ్రెన్నర్, రిడెల్ అనే ఇద్దరు 1940లలో గొట్టాల లోపల పూత వేస్తూ, ఆక్సీకరణ ఆపుదామని బాత్‌లో హైపోఫాస్ఫైట్ వేశారు. తీరా చూస్తే కరెంటు లెక్క ప్రకారం రావాల్సినదానికన్నా ఎక్కువ పూత వచ్చింది. నూరు శాతం దాటిన ఎఫిషియెన్సీ! లెక్క తప్పిందని వదిలేసి ఉంటే ఇవాళ మా బతుకుదెరువు లేదు. కరెంటుతో పని లేకుండా నికెల్ దానంతటదే దిగుతోందని వాళ్లు పట్టుకున్నారు.

మోల్డుకు దీని లాభం ఏంటంటే, మూల, గాడి, రంధ్రం అన్నింట్లో ఒకే మందం. హార్డ్ క్రోమ్‌లాగా అంచుల్లో గుబ్బలు కట్టదు. పీవీసీ మోల్డుల్లో వచ్చే హైడ్రోక్లోరిక్ ఆవిరికి క్రోమ్ తట్టుకోలేదు, భాస్వరం ఎక్కువున్న నికెల్ తట్టుకుంటుంది. 400 డిగ్రీల దగ్గర గంట ఉంచితే కాఠిన్యం హార్డ్ క్రోమ్ దరిదాపుల్లోకి వస్తుంది. కానీ అలా వేడిచేస్తే తుప్పు నిరోధకత తగ్గుతుంది. రెండూ కావాలంటే కుదరదు, మీ మోల్డుకు ఏది ముఖ్యమో తేల్చుకోండి.

ఖర్చు బాత్ ఆయుష్షులో ఉంది. నికెల్ దిగినకొద్దీ ఆర్థోఫాస్ఫైట్ పేరుకుంటుంది. బాత్‌లోని నికెల్ మొత్తం ఓ ఆరేడుసార్లు మారేసరికి పూత నాణ్యత పడిపోతుంది, ద్రావణం పారబోయాల్సిందే. ఎలక్ట్రోడయాలసిస్‌తో ఆ ఆర్థోఫాస్ఫైట్‌ను తీసే యూనిట్లు ఉన్నాయి. పెద్ద లైన్లకు గిట్టుబాటు అవుతుంది.

టెఫ్లాన్ కణాలు కలిపిన రకం మోల్డుకు అంటుకోకుండా బాగుంటుంది. ఇప్పుడు కొత్తగా దానిలోకి దిగేవాళ్లు మాత్రం కింద నిబంధనల వాళ్లు ఏమంటారో విని దిగండి.

నిబంధనలబండి

పిలిచారు కాబట్టి వచ్చాను.

యూరప్: రసాయనాలను నియంత్రించే రీచ్ చట్టం కింద క్రోమియం ట్రైఆక్సైడ్ (మనం క్రోమిక్ యాసిడ్ అనేదే) గడువు 2017 సెప్టెంబర్ 21తో అయిపోయింది. అప్పటినుంచి వాడాలంటే అనుమతి ఉండాలి. పెద్ద బృందంగా కలిసి తెచ్చుకున్న అనుమతిని 2023 ఏప్రిల్ 20న యూరోపియన్ న్యాయస్థానం చాలావరకు కొట్టేసింది. యూరోపియన్ పార్లమెంటే కమిషన్ మీద వేసిన కేసు అది. ప్రత్యామ్నాయాల విశ్లేషణ సరిగా లేదన్నది తీర్పులో ముఖ్యమైన మాట. అప్పటినుంచి ఎవరికి వాళ్లు విడిగా దరఖాస్తులు పెట్టుకుంటూ తల పట్టుకున్నారు. 2025 ఏప్రిల్‌లో యూరోపియన్ కెమికల్స్ ఏజెన్సీ దారి మార్చి, అనుమతుల బదులు అందరికీ ఒకే పరిమితులు పెట్టే ప్రతిపాదన ముందుకు తెచ్చింది. అంటే కార్మికులు పీల్చే గాలిలో ఎంత, బయటికి వదిలేది ఎంత అని.

కాలిఫోర్నియా: 2023లో ఎయిర్ రిసోర్సెస్ బోర్డు తేల్చింది. డెకరేటివ్‌కు హెక్స్ 2027 జనవరి 1 నుంచి బంద్, హార్డ్ క్రోమ్ లాంటి ఫంక్షనల్ పనులకు 2039 జనవరి 1 వరకు సమయం. ఆ పన్నెండేళ్ల తేడా చూడండి. పాతయానోడ్ గారు పైన విడదీసిన రెండు క్రోములను చట్టం కూడా విడదీసింది.

టెఫ్లాన్: 2023 మొదట్లో ఐదు యూరప్ దేశాలు పీఫాస్ (ప్రకృతిలో సులువుగా నశించని ఫ్లోరిన్ రసాయనాలు) అన్నిటి మీదా ఒకేసారి నియంత్రణ ప్రతిపాదించాయి. టెఫ్లాన్ కూడా ఆ గొడుగు కిందికే వస్తుంది. అందుకే హైపోఫాస్ గారు జాగ్రత్త అన్నారు.

బురదట్యాంకు

పీఫాస్ పేరెత్తారు కాబట్టి ఒక మాట. క్రోమ్ ట్యాంకులో పంపే కరెంటులో లోహం దించేది ఐదో వంతు కూడా ఉండదు, మిగతాదంతా బుడగలు. ప్రతి బుడగా పైకొచ్చి పగిలినప్పుడు క్రోమిక్ యాసిడ్ తుంపర గాలిలోకి లేస్తుంది. ట్యాంకు పైన నిలబడితే ముక్కు లోపల మంట, అంచుల మీద పసుపుపచ్చ మరకలు, అదంతా దానివల్లే. దాన్ని అణచడానికి దశాబ్దాలపాటు వాడింది పీఎఫ్‌ఓఎస్ అనే పీఫాస్ రసాయనం. ఊపిరితిత్తులను కాపాడింది, అక్కడిదాకా మంచిదే. కానీ అదే నీళ్లలోకి, నేలలోకి వెళ్లి ఇప్పటికీ నశించకుండా ఉంది. 2009లో, ఇలా నశించని రసాయనాలను నియంత్రించే స్టాక్‌హోమ్ ఒప్పందంలోకి ఎక్కింది. దాని బదులు వచ్చిన 6:2 రకం కూడా పీఫాసే.

ట్రైవాలెంట్‌కు మారితే వ్యర్థజలాల పని తగ్గిపోతుందని చెప్పేవాళ్లతో నాకు పేచీ. ఒక అంచె తగ్గుతుంది, ఒప్పుకుంటాను. హెక్స్ అయితే ముందు పీహెచ్ 2-3 దగ్గర మెటాబైసల్ఫైట్ వేసి ట్రైగా మార్చాలి, తర్వాత సున్నమో కాస్టిక్కో వేసి బురదగా అడుగుకు దించాలి. కానీ ట్రైవాలెంట్ బాత్‌లోని కాంప్లెక్సెంట్లు కడుగు నీళ్లతోపాటు నా ట్యాంకులోకి వస్తాయి. నికెల్‌నూ రాగినీ పట్టుకుని దిగనివ్వవు. బాత్ అమ్మేవాడు ట్యాంకు దాకా వస్తాడు, బురద దాకా రాడు.

రాడ్_రాక్

చివరి వాక్యం మా ఆఫీసు గోడకు అంటించాలి.

పీహెచ్‌డీ_రెండోఏడు

నమస్తే సార్, మేడమ్. నేను నానోక్రిస్టలైన్ పూతల (లోహపు గింజలు అతి చిన్నగా ఉండే పూతలు) మీద పని చేస్తున్నాను. మా దగ్గర పేపర్లన్నీ నానో కోబాల్ట్-ఫాస్ఫరస్, నికెల్-టంగ్‌స్టన్, డీప్ యూటెక్టిక్ సాల్వెంట్స్ గురించే. మీ చర్చలో ఒక్కటీ రాలేదు. పరిశ్రమలో వీటికి చోటు లేదా?

ద్రావణశాల

ఉంది, కొన్నిటికి.

నికెల్-టంగ్‌స్టన్ మంచి ఉదాహరణ. ఎంఐటీలో క్రిస్టఫర్ షూ బృందం చేసిన పని నుంచి ఎక్స్‌టాలిక్ అనే కంపెనీ పుట్టింది. నానో గింజలకు ఉన్న జబ్బు, కాస్త వేడి తగిలితే పెద్దవైపోవడం. టంగ్‌స్టన్ గింజల అంచుల్లో చేరి వాటిని పెరగనివ్వదు. కరెంటు పల్స్‌ల దిశను తిరగేసే తీరును మార్చి గింజ సైజును కావాల్సినట్టు తెచ్చుకోవచ్చు. అది కనెక్టర్లలో బంగారం మందం తగ్గించడానికి పనికొచ్చింది. అంటే మొదట చోటు దొరికింది హైడ్రాలిక్ రాడ్డు మీద కాదు, ఎలక్ట్రానిక్స్‌లో.

కోబాల్ట్-ఫాస్ఫరస్ హార్డ్ క్రోమ్ బదులుగానే తయారైంది, సిలిండర్ లోపలికీ వెళ్తుంది, ఎఫిషియెన్సీ చాలా ఎక్కువ. సాంకేతికంగా నాకు నచ్చిన వాటిలో ఒకటి. కానీ కోబాల్ట్ సల్ఫేట్, క్లోరైడ్ కూడా యూరప్ ఆందోళనకర పదార్థాల జాబితాలోనే ఉన్నాయి. పెనం మీంచి పొయ్యిలో పడినట్టు కాకపోయినా, ఇంకో పెనం మీదికి దూకినట్టే.

డీప్ యూటెక్టిక్, అంటే నీళ్ల బదులు వాడే మిశ్రమ ద్రావకాల సంగతి వేరు. లెస్టర్‌లో ఆండ్రూ అబాట్ గారి బృందం 2003లో కోలీన్ క్లోరైడ్-యూరియా మిశ్రమం గురించి రాసినప్పటినుంచి పేపర్లు కుప్పలుగా వచ్చాయి. మరుసటేడే ట్రైవాలెంట్ క్రోమియం లవణంతోనూ చేసి చూపించారు. చిక్కదనం ఎక్కువ, కాబట్టి పూత వేగం తక్కువ. ముక్కతోపాటు ట్యాంకు బయటికి వచ్చే ద్రావణమూ ఎక్కువ. గాలిలోని తేమ తాగి గుణం మారిపోతుంది. స్టీలు ఎలక్ట్రోపాలిషింగ్‌లో దానికి మంచి అవకాశం ఉందని నా నమ్మకం. హార్డ్ క్రోమ్ ట్యాంకులో దాన్ని నేను చూడబోనని కూడా నమ్మకం.

నీ థీసిస్‌లో బీకరులో వచ్చిన కాఠిన్యంతో పాటు, బాత్ లీటరుకు ఎన్ని ఆంపియర్-అవర్లు నడిచాక తీసిన పూతో కూడా రాయి నాయనా. ఆ ఒక్క వరుస ఉంటే లైను వాళ్లు నీ పేపర్ చదువుతారు.

ఉప్పుపొగమంచు

టెస్టింగ్ వైపు నుంచి నా గోడు. ప్రతి బ్రోషర్లో "సాల్ట్ స్ప్రే వెయ్యి గంటలు". తుప్పును చూసే ఆ సాల్ట్ స్ప్రే పరీక్ష, బి117, 1939 నాటిది. 5 శాతం ఉప్పు నీళ్లు, 35 డిగ్రీలు, ఆగకుండా పొగమంచు. బయటి ప్రపంచంలో తడుస్తుంది, ఆరుతుంది. జింక్ ఆరినప్పుడు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కాపాడే పొర కట్టుకుంటుంది. ఛాంబర్లో ఆరే అవకాశమే లేదు. నిన్నటి బ్యాచ్‌నీ ఇవాళ్టి బ్యాచ్‌నీ పోల్చడానికి ఆ పరీక్ష మంచిది. క్రోమ్‌నూ నికెల్‌నూ కార్బైడ్‌నూ పక్కపక్కన పెట్టి ఏది గొప్పదో తేల్చడానికి కాదు.

హైపోఫాస్

అయితే కస్టమర్ డ్రాయింగులో అదే రాస్తే ఏం చేయమంటారు? నేను ఫిలాసఫీ పంపాలా, రిపోర్టు పంపాలా?

ఉప్పుపొగమంచు

రిపోర్టే పంపండి. దాంతోపాటు తడుపుతూ ఆరబెడుతూ చేసే సైక్లిక్ పరీక్ష రిపోర్టు కూడా పంపండి. అలా పంపిన చోట మరుసటి డ్రాయింగ్ మారడం నేను చూశాను. అడగకపోతే ఎవరూ మార్చరు.

పాతయానోడ్

హైడ్రోజన్ సంగతి జ్వాలతుపాకి ఒక్క ముక్కలో తేల్చేశారు. ట్యాంకులో వేసేవాళ్లకు అది అంత చిన్న విషయం కాదు. గట్టి ఉక్కు అయితే పూత అయిన కొద్ది గంటల్లోపే 190-220 డిగ్రీల బేకింగ్ మొదలవ్వాలి. మర్నాటికి వాయిదా వేస్తే ఆ తర్వాత ఎంత వేడిచేసినా లాభం ఉండకపోవచ్చు, పగులు అప్పటికే మొదలై ఉంటుంది. అనుమానం ఉంటే ఎఫ్519 పరీక్ష: గాటు పెట్టిన కడ్డీని, దాని విరిగే బలంలో 75 శాతం భారంతో 200 గంటలు వేలాడదీయాలి. విరగకపోతే పాస్.

ట్యాంకు లేనంతమాత్రాన హైడ్రోజన్ పోయిందనుకోవద్దు. 2013 మార్చిలో శాన్ ఫ్రాన్సిస్కో-ఓక్లాండ్ బే బ్రిడ్జి కొత్త వంతెనలో బిగించిన 96 యాంకర్ రాడ్లలో 32 పటపటా విరిగాయి. అవి హాట్ డిప్ గాల్వనైజింగ్ చేసిన గట్టి ఉక్కు రాడ్లు. ఎలక్ట్రోప్లేటింగ్ ఊసే లేదు. విచారణలో తేలింది హైడ్రోజన్ పెళుసుదనమే. ఉక్కు గట్టిదనం, బిగింపు, హైడ్రోజన్, మూడూ కలిస్తే చాలు. ఆ హైడ్రోజన్ ఎటునుంచి వచ్చిందన్నది తర్వాతి ప్రశ్న.

బురదట్యాంకు

కాడ్మియం మానేసి ఆల్కలైన్ జింక్-నికెల్‌కు మారేవాళ్లు కూడా ఇది చదువుతుంటే, ఒక్క హెచ్చరిక. ఆ బాత్‌లోని అమీన్లు నికెల్ యానోడ్ దగ్గర ఆక్సీకరణ చెంది సయనైడ్ పుట్టిస్తాయి. సయనైడ్ వేయని బాత్‌లో సయనైడ్! మెంబ్రేన్ యానోడ్లు పెడితే అమీన్లు యానోడ్‌ను తాకవు. మొదట ఖర్చు ఎక్కువ, కానీ పెట్టండి.

రాడ్_రాక్

నాకర్థమైనంతవరకు రాడ్లకు బయట హెచ్‌వీఓఎఫ్ జాబ్ వర్క్ చేయించి సీల్స్‌తో సహా పరీక్షించాలి. మోల్డులకు ఎలక్ట్రోలెస్ నికెల్. హెక్స్ ట్యాంకు ఇప్పుడే మూసేది లేదు. సన్నని సిలిండర్ బోర్లు మాత్రం ఎటూ తేలలేదు. ఈలోపు నికెల్ మీద ట్రైవాలెంట్ రకం ఒక చిన్న ట్యాంకులో పెడదామని ఉంది. ఆ ట్యాంకులో మొదట దేన్ని కనిపెట్టుకుని ఉండాలి?

ద్రావణశాల

లోహ మలినాలను. హెక్స్ బాత్ మొండిది, గ్రాముల కొద్దీ ఇనుమున్నా నడుస్తుంది. ట్రైవాలెంట్ సుకుమారి. లీటరుకు మిల్లీగ్రాముల్లో రాగి, జింక్, నికెల్ వచ్చినా హల్ సెల్ (బాత్‌ను పరీక్షించే చిన్న ట్యాంకు) పలక మీద తెలిసిపోతుంది. కరెంటు తక్కువున్న కొస నుంచి నల్లటి చారలు పాకుతూ వస్తాయి, తెల్లటి మసక కమ్ముతుంది. ట్యాంకులో ముక్క పడిపోతే ఆ క్షణమే తీయించండి. సల్ఫేట్ బాత్ అయితే అయాన్ ఎక్స్ఛేంజ్ రెసిన్ కాలమ్ మొదటిరోజు నుంచే పెట్టుకోండి.

పాత సీసం యానోడ్లు పొరపాటున కూడా అందులో వేలాడదీయకండి. వాటిమీద ట్రై కాస్తా హెక్స్‌గా మారి బాత్ చచ్చిపోతుంది. ఆక్సైడ్ పూత ఉన్న టైటానియం యానోడ్లే కావాలి.

పాతయానోడ్

రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చే యూనిట్) కూడా పాతదేనా? అయితే ముందు ఆసిలోస్కోప్ పెట్టి రిపుల్ (డీసీలో మిగిలిపోయే హెచ్చుతగ్గులు) చూసి, ఎంత వచ్చిందో ఇక్కడ రాయండి. 5 శాతం దాటితే కెమికల్ కొనేముందు దాని సంగతి చూద్దాం.